గణాంకాలను చెవిన వేయండి

సాంఖ్యక శాస్త్రం వింటే వచ్చే చదువు కాదని మా అధ్యాపకుల్లో చాలామందికి గట్టి నమ్మకం. బోర్డు, కాగితం, క్యాలిక్యులేటర్ లేకుండా లెక్క ఎట్లా చెబుతారని అడుగుతారు. కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల డిగ్రీ కాలేజీల్లో ఉద్యోగకాలమంతా ఈ సబ్జెక్టే చెప్పి రిటైరైన దాన్ని. నా అభిప్రాయం వేరు. లెక్క చేయడం ఒక పని, ఆ లెక్క దేనికి చేస్తున్నామో తెలియడం ఇంకో పని. మొదటిదానికి కాగితం కావాల్సిందే. రెండోది చెవి ద్వారా వస్తుంది, చాలాసార్లు పుస్తకం చదివితే వచ్చేదానికన్నా గట్టిగా వస్తుంది. కాకపోతే ఆ పాఠాన్ని చెవి కోసమే తయారుచేయాలి. ఇవాళ మన పిల్లల ఇయర్‌ఫోన్లలోకి పోతున్న పాఠాల్లో ఎక్కువ భాగం అట్లా తయారైనవి కావు.

ఎవరు వింటున్నారో ముందు చూద్దాం. 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం కింద ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం మొదలైంది. అప్పటినుంచి చొప్పదండి, గంగాధర, జమ్మికుంట వైపు నుంచి కరీంనగర్ వచ్చే బస్సుల్లో కాలేజీకి, కోచింగ్‌కు పోయే ఆడపిల్లలే ఎక్కువగా కనిపిస్తున్నారు. సీటు దొరకడం కష్టం. ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, భుజాన బ్యాగు వేలాడుతుంటే పుస్తకం తెరవడం కాని పని. చెవిలో మాత్రం ఏదో ఒకటి మోగుతుంటుంది. ఏం వింటున్నవమ్మా అంటే పాటలని కొందరు, కరెంట్ అఫైర్స్ అని కొందరు, తెలంగాణ ఉద్యమ చరిత్ర అని కొందరు చెబుతారు. గణాంకాలు వింటున్నానన్న పిల్ల నాకు తగల్లేదు. గ్రూప్-1 మెయిన్స్‌లో సైన్స్ అండ్ టెక్నాలజీతో కలిపి డేటా ఇంటర్‌ప్రెటేషన్‌కు ఒక పేపరే ఉంది. అసిస్టెంట్ స్టాటిస్టికల్ ఆఫీసర్ ఉద్యోగానికి ఈ సబ్జెక్టే ఆధారం. అయినా వీళ్ల మాట ఒక్కటే: “అది ఇంటికి పోయి, చూసుకుంట చేసుకోవాలె మేడం.” ఇంటికి పోయాక వంట, పశువులు, నిద్ర.

జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, నిర్మల్ ప్రాంతంలో ఇంకో వర్గం ఉంది. బీడీలు చుట్టే ఆడవాళ్లు. వాళ్లలో దూరవిద్యలో డిగ్రీ చదివేవాళ్లూ ఉన్నారు. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా మొదలై, ఇప్పుడు అంబేద్కర్ పేరుతో నడుస్తున్న సంస్థ దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం. అలాంటివాళ్ల కోసమే అది పుట్టింది. మెట్‌పల్లి దగ్గరి పల్లెలో ఒక విద్యార్థిని ఇంటికి పోయాను. నానబెట్టిన తునికాకును కత్తెరతో కొలతకు కత్తిరిస్తోంది. చిటికెడు తంబాకు పోసి, వేళ్ల మధ్య దొర్లించి, దారం కట్టి, మొన మడిచి చేటలో వేస్తోంది. నాతో మాట్లాడుతూనే ఉంది, కళ్లు మాత్రం ఆకు మీదినుంచి లేవడం లేదు.

“చేతులు ఆగితే పైసలు ఆగుతయి మేడం. చెవులు ఖాళీగనే ఉంటయి గదా, చెప్పుండ్రి” అంది.

ఆమెకు నమూనా ఎంపిక గురించి పుస్తకంలో ఉన్నదేదీ అర్థం కాలేదు. సమష్టి, ప్రతిచయనం, యాదృచ్ఛికం, అన్నీ కంఠస్థం వచ్చు, ఏదీ తెలియదు. కార్ఖానాలో నీ కట్టలు ఎట్లా చూస్తరు అని అడిగాను. “అన్ని ఎందుకు ఇప్పుతడు మేడం, ఒకటో రెండో కట్టలు ఇప్పుతడు. అవి మంచిగ లేకుంటే అన్నీ గట్లనే ఉన్నయంటడు” అంది. మరి నువ్వు మంచి కట్టలన్నీ పైన పెట్టి, ఆయన పై కట్టలే విప్పితే? నవ్వింది. “గందుకే గదా మేడం, ఆయన చెయ్యి అడుగుదాక పెడ్తడు.” యాదృచ్ఛికంగా ఎందుకు ఎంచాలో, ఎంచకపోతే ఏ మోసం జరుగుతుందో ఆ ఒక్క మాటలో మొత్తం వచ్చేసింది. పుస్తకం తెరవలేదు, చేతులు ఆగలేదు. ఆ తర్వాతనే నేను ఫోన్‌లో పాఠాలు రికార్డు చేసి వాట్సాప్‌లో పంపడం మొదలుపెట్టాను.

చెవికి ఒక పరిమితి ఉంది, దాన్ని గౌరవించాలి. మనిషి ఒకేసారి మనసులో పట్టుకోగల విషయాలు ఏడుకు అటూ ఇటూ అని 1956లో జార్జ్ మిల్లర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు రాశాడు. 2001లో నెల్సన్ కోవాన్ ఆ అంకెను నాలుగు దగ్గరికి దించాడు. పుస్తకంలో యాభై అంకెల పట్టిక వేస్తే కన్ను వెనక్కి ముందుకు తిరుగుతుంది. చెవికి వెనక్కి చూడటం ఉండదు. కాబట్టి చెవి పాఠంలో అయిదు అంకెలు దాటకూడదు, అవి కూడా చిన్నవి, గుండ్రంగా ఉన్నవి కావాలి.

క్రమ విచలనం చెప్పడానికి నేను వాడే పాఠం ఇది. మీ ఊరికి పొద్దున రెండు బస్సులు వస్తాయనుకోండి. మొదటి బస్సు అయిదు రోజుల్లో 9, 10, 11, 10, 10 నిమిషాలు ఆలస్యం. రెండో బస్సు రెండు రోజులు సరిగ్గా టైముకే వచ్చింది, ఒక రోజు 20 నిమిషాలు, ఇంకో రోజు 30 నిమిషాలు లేటు, ఆఖరి రోజు మళ్లీ టైముకే. రెండింటి సగటు ఆలస్యం ఎంత? ఇక్కడ నేను మాట్లాడటం ఆపేస్తాను. రికార్డింగ్‌లో పది సెకన్లు మౌనం. వినేవాళ్లు మనసులో కూడుకోవాలి. రెండింటికీ సగటు 10 నిమిషాలే. రేపు నీకు పరీక్ష ఉంది, ఏ బస్సును నమ్ముతావు? మళ్లీ మౌనం. మొదటిదే అని అందరూ చెబుతారు. సగటు ఒక్కటే అయినప్పుడు ఎందుకు మొదటిది? ఈ ప్రశ్నకు జవాబు వెతకడమే క్రమ విచలనం పాఠం. మొదటి బస్సు తన సగటుకు అంటుకుని తిరుగుతోంది, దాని క్రమ విచలనం ఒక్క నిమిషం కూడా లేదు. రెండోదానిది 12 నిమిషాలు దాటింది. ఇది విన్న తర్వాత సూత్రం రాస్తే ఆ సూత్రంలో ప్రతి ముక్క ఎందుకుందో పిల్లలకు తెలుస్తుంది. సగటు నుంచి దూరం ఎందుకు తీస్తున్నాం, వర్గం ఎందుకు చేస్తున్నాం, చివరికి వర్గమూలం ఎందుకు కడుతున్నాం అని వాళ్లే అడుగుతారు.

అదే సూత్రాన్ని యథాతథంగా చదివి వినిపిస్తే ఎట్లా ఉంటుందో చూడండి. “రూట్ సిగ్మా ఎక్స్ మైనస్ ఎక్స్ బార్ హోల్ స్క్వేర్ బై ఎన్.” రూట్ కింద ఎన్ ఉందా లేదా? హోల్ స్క్వేర్ దేనికి, ఒక్కో తేడాకా, మొత్తం కూడికకా? రాసింది చూసినవాడికి సందేహం లేదు. విన్నవాడు దీన్ని మూడు రకాలుగా రాసుకుంటాడు. పీడీఎఫ్‌ను యంత్రం గొంతుతో చదివించే యాప్‌లు చేసేది ఇదే పని. సూత్రాలను చెవిలో పోయడం పాఠం కాదు.

సగటుకూ మధ్యగతానికీ తేడా చెప్పడానికి ఎక్కువ సమయం అక్కర్లేదు. అయిదు ఇళ్ల నెల ఆదాయం పది, పన్నెండు, పదమూడు, పదిహేను వేలు, అయిదో ఇంటిది మూడు లక్షలు. సగటు 70 వేలు, మధ్యగతం 13 వేలు. ఆ వాడలో ఎవరి జీవితం ఈ 70 వేలలో ఉంది? రాష్ట్ర తలసరి ఆదాయం వార్త పేపర్‌లో వచ్చినప్పుడల్లా ఈ ప్రశ్న గుర్తుకొస్తే చాలు. రంగారెడ్డి జిల్లా తలసరి ఆదాయంలో అన్నిటికన్నా పైన ఉంటుంది. దాన్ని ఆదిలాబాద్‌తో కలిపి ఒక సగటు చెబితే ఆ అంకె ఎవరిది అని వినేవాళ్లు అడగాలి.

ఆదిలాబాద్ పోతే పాఠానికి ముడిసరుకు మార్కెట్ యార్డులోనే ఉంటుంది. 8 శాతం తేమ వరకు పత్తికి కాటన్ కార్పొరేషన్ (సీసీఐ) పూర్తి మద్దతు ధర ఇస్తుంది. 12 శాతం దాటితే కొనదు. మధ్యలో పెరిగే ఒక్కో శాతానికి ధరలో ఒక్కో శాతం కోత పడుతుంది. 2024-25 సీజన్‌లో పొడుగు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 7,521 రూపాయలు. తేమ 12 వస్తే అది 7,220కి దిగేది. సీజన్ మొదట్లో, మంచు పడే పొద్దుల్లో, ఈ తేమ దగ్గరే ప్రతి ఏడూ లొల్లి. రైతులకు వినిపించేందుకు ఒక పాఠం చేశాను. బండిలో ఒక్కచోట మీటరు పెడితే 13 వచ్చింది, కొనరు. ఇంకో నాలుగు చోట్ల పెడితే 9, 10, 8, 10 వచ్చాయి. అయిదింటి సగటు 10. అంటే పత్తి అమ్ముడుపోతుంది, ఆ సీజన్ ధర మీద క్వింటాలుకు 150 రూపాయల కోతతో. ఒక్క కొలత మీద నిర్ణయం తీసుకుంటే రైతు బండి తిప్పుకుని పోవాలి, లేదా ప్రైవేటు వ్యాపారికి అడిగినంతకు ఇచ్చుకోవాలి. ఎన్నిచోట్ల కొలిస్తే ఆ సగటును నమ్మొచ్చు, ఎక్కడెక్కడ కొలవాలి? డిగ్రీ రెండో సంవత్సరంలో మేం చెప్పే నమూనా సగటు, ప్రామాణిక దోషం పాఠం ఇదే. యార్డులో నిలబడ్డ రైతుకు అది చదువు కాదు, హక్కు.

నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే పాఠం ఉట్నూర్ ఏజెన్సీది. ఆదివాసీ కుటుంబాల్లో సికిల్ సెల్ జబ్బు ఉంది. 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో జాతీయ సికిల్ సెల్ రక్తహీనత నిర్మూలన మిషన్ ప్రారంభమైంది, 2047 నాటికి జబ్బును నిర్మూలించాలని లక్ష్యం. ఊళ్లలో రక్తపరీక్షలు చేసి కార్డులు ఇస్తారు. తల్లి, తండ్రి ఇద్దరూ సికిల్ జన్యువు ఒక్కొక్కటి మోస్తుంటే బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి అని చెబుతారు. ఆ మాట చెవిన పడ్డాక ఇంటికి పోయేసరికి ఇంకోలా మారుతుంది. “మొదటి పిల్లగానికి వచ్చింది, ఇగ ముగ్గురికి రాదు” అనుకుంటారు. చదువుకున్నవాళ్లు కూడా అట్లాగే అనుకోవడం నేను విన్నాను. నాలుగింట ఒకటి అంటే వరుసలో పంచిన వాటా కాదు. ప్రతి కాన్పుకూ మళ్లీ మొదటినుంచి నాలుగింట ఒకటి. ముందు పుట్టిన బిడ్డ తర్వాతి బిడ్డ జాతకం మార్చదు.

దీన్ని కాగితం మీద చూపించడం కంటే వినిపించి చేయించడం తేలిక. రెండు నాణేలు తీసుకోమంటాను, ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. బొమ్మ పడితే జన్యువు దాటినట్టు, బొరుసు పడితే దాటనట్టు. రెండూ ఎగరేయమని చెప్పి ఆగుతాను. రెండూ బొమ్మ పడ్డాయా? మళ్లీ ఎగరెయ్యి. మొదటిసారి రెండూ బొమ్మ పడ్డవాళ్లకు రెండోసారి కూడా పడవచ్చని వాళ్ల చేతిలోనే తెలుస్తుంది. అష్టాచెమ్మకు అరగదీసిన చింతగింజలు వాడొచ్చు కదా అని ఒక అంగన్‌వాడీ టీచరమ్మ అడిగింది. అవి సరిగ్గా సగంసగం పడవు. వంద సార్లు వేసి తెల్లవైపు ఎన్నిసార్లు పడిందో లెక్కపెట్టమన్నాను. అది ఇంకో మంచి పాఠం, కానీ సికిల్ సెల్‌కు నాణెమే వాడాలి.

ఈ పాఠం గోండిలో ఉండాలి. నేను తెలుగులో చెప్పింది ఎవరో తర్జుమా చేసి వినిపిస్తే చాలదు. ఆ భాషలోనే ఆలోచించేవాళ్లు తయారుచేయాలి. ఆదిలాబాద్‌లో ఆకాశవాణి కేంద్రం 1986 నుంచి ఉంది, గోండి కార్యక్రమాలు ప్రసారం చేసిన కేంద్రం అది. చుట్టుపక్కల అనుభవం కూడా ఉంది. 2010లో ఛత్తీస్‌గఢ్‌లో మొదలైన సీజీనెట్ స్వర అనే వేదికలో ఆదివాసీలు మామూలు ఫోన్‌తో తమ భాషలోనే వార్తలు చెప్పుకున్నారు, విన్నారు. చదవడం రానివాళ్లకు సంభావ్యత చెప్పడానికి చెవి తప్ప వేరే దారి లేదు.

శాతాల గురించి ఒక మాట. చెవికి శాతాలు ఆనవు. “వ్యాధి 1 శాతం మందిలో ఉంది, పరీక్ష 90 శాతం కచ్చితం” అంటే డాక్టర్లే తడబడతారు. జర్మన్ మనస్తత్వ శాస్త్రజ్ఞులు గెర్డ్ గిగరెంజర్, ఉల్రిష్ హాఫ్‌రాగె 1995లో చూపించిందేమిటంటే, అదే సమాచారాన్ని మనుషుల లెక్కలో చెబితే సరైన జవాబు చెప్పేవాళ్లు బాగా పెరుగుతారు. వెయ్యి మందిలో పది మందికి జబ్బు ఉంది, ఆ పదిలో తొమ్మిది మందిని పరీక్ష పట్టుకుంటుంది, జబ్బు లేని 990 మందిలో కూడా 99 మందికి తప్పుగా ఉందని చూపిస్తుంది. ఇప్పుడు ఉందని తేలినవాళ్లు మొత్తం 108 మంది. వాళ్లలో నిజంగా జబ్బున్నవాళ్లు తొమ్మిది మందే. బేయీస్ సిద్ధాంతమంటే హడలిపోయే బీఎస్సీ పిల్లలు ఈ నాలుగు వాక్యాలు విని జవాబు చెప్పేశారు.

రేడియోలో లెక్కలు కొత్త ప్రయోగమేమీ కాదు. 1970ల్లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు మధ్య అమెరికా దేశం నికరాగువాలో బడిపిల్లలకు రేడియోతో గణితం చెప్పారు. ఆ పాఠాల్లో రేడియో మాట్లాడి ఊరుకునేది కాదు. ప్రశ్న అడిగి ఆగేది, పిల్లలు గట్టిగా జవాబు చెప్పేవారు, తర్వాత రేడియో సరైన జవాబు చెప్పేది. పరీక్షల్లో ఆ పిల్లలు మామూలు తరగతుల పిల్లలకన్నా బాగా చేశారు. ఆ పద్ధతి ప్రపంచంలో చాలా దేశాలకు పాకింది. మన ఉమ్మడి రాష్ట్రంలో ప్రాథమిక పాఠశాలల కోసం ఆకాశవాణిలో వచ్చిన ‘విందాం నేర్చుకుందాం’ కూడా ఆ కోవలోదే. ఇవాళ పోటీ పరీక్షలకు చదువుతున్న పిల్లల్లో కొందరు ఆ రేడియో ముందు కూర్చుని ఆడిపాడినవాళ్లే. అప్పుడు పనిచేసిన పద్ధతిని డిగ్రీ చదువుకు ఎందుకు తీసుకురాలేదో నాకు అర్థం కాదు.

తెలుగువాళ్లమైన మనకు ఇంకో కారణం కూడా ఉంది. ప్రపంచ సాంఖ్యక శాస్త్రంలో అతి పెద్ద పేర్లలో ఒకటి కల్యంపూడి రాధాకృష్ణారావు గారిది. 1945లో ఆయన ప్రచురించిన ఫలితాన్ని నేటికీ క్రామర్-రావు పేరుతో ప్రతి ఎమ్మెస్సీ విద్యార్థీ చదువుతాడు. సామాన్యులకు ఈ శాస్త్రం చెప్పడానికి ఆయన రాసిన ‘స్టాటిస్టిక్స్ అండ్ ట్రూత్’ 1987లో ఇచ్చిన రామానుజన్ స్మారక ఉపన్యాసాల నుంచి పుట్టింది. అంటే ముందు జనం విన్నారు, తర్వాతే అది పుస్తకమైంది. బ్రిటన్‌లో బీబీసీ రేడియో 4 ‘మోర్ ఆర్ లెస్’ అనే కార్యక్రమాన్ని 2001 నుంచి నడుపుతోంది. వార్తల్లో వచ్చే అంకెలు నిజమా కాదా అని తేల్చడమే దాని పని. ఒక్క పట్టిక, ఒక్క గ్రాఫ్ లేకుండా ఇన్నేళ్లుగా సాగుతోంది. తెలుగులో అలాంటిది ఒక్కటి కూడా నాకు తగల్లేదు.

ఇప్పుడు కొత్తగా వచ్చిన పరికరాల సంగతి. 2024 సెప్టెంబర్‌లో గూగుల్ తన నోట్‌బుక్ ఎల్ఎమ్‌లో ఒక సౌకర్యం పెట్టింది. మన నోట్స్ ఇస్తే ఇద్దరు మనుషులు మాట్లాడుకుంటున్నట్టు ఆడియో తయారుచేసి ఇస్తుంది. 2025 ఏప్రిల్‌లో దాన్ని తెలుగుతో సహా 50కి పైగా భాషలకు విస్తరించారు. నేను దీనికి వ్యతిరేకిని కాను. మెట్‌పల్లిలో బీడీలు చుట్టే పిల్ల తన పాఠాన్ని తానే ఆడియోగా మార్చుకోగలగడం పెద్ద మాట. కానీ ఇలాంటి సంభాషణలతో ఒక ఇబ్బంది ఉంది. ఆ ఇద్దరే ప్రశ్న వేసుకుని ఆ ఇద్దరే జవాబు చెప్పుకుంటే, వినేవాళ్లు పెళ్లిచూపుల్లో మూలన కూర్చున్న చుట్టంలా మిగిలిపోతారు. వింటున్నంతసేపూ అంతా అర్థమైనట్టే ఉంటుంది. ఆపి ఒక ప్రశ్న అడిగితే నోరు పెగలదు. కాబట్టి వాడేవాళ్లకు నా సలహా: తయారుచేయించేటప్పుడే ప్రశ్న అడిగి ఆగమని, జవాబు వెంటనే చెప్పవద్దని, మన జిల్లా ఉదాహరణలు వాడమని రాయండి. అది ఆగకపోతే మీరే బటన్ నొక్కి ఆపి, జవాబు పైకి చెప్పండి. అంకెలను మాత్రం పుస్తకంతో సరిచూసుకోవాలి.

యంత్రాలకన్నా మనుషులు చెప్పే తప్పులు నన్ను ఎక్కువ కలవరపెడతాయి. పోటీ పరీక్షల ఆడియో ఒకటి ఈ మధ్య ఒక పిల్ల వినిపించింది. పీ-విలువ 0.05 వస్తే మన పరికల్పన నిజమయ్యే అవకాశం 95 శాతం అని ఒక మాస్టారు గంభీరంగా చెబుతున్నారు. ఇది తప్పు. అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ 2016లో ప్రత్యేకంగా ప్రకటన ఇచ్చి మరీ ఇది తప్పని చెప్పింది. పుస్తకంలో తప్పుంటే పక్కన గీత పెట్టుకోవచ్చు. చెవిలో పడ్డ తప్పు పాటలా నోటికొచ్చి కూర్చుంటుంది, పరీక్ష హాల్లో అదే బయటికొస్తుంది.

పీ-విలువకు కూడా చెవికి ఇంపైన కథ ఉంది. ఇంగ్లండ్‌లోని రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో మ్యూరియల్ బ్రిస్టల్ అనే శాస్త్రవేత్త, కప్పులో ముందు పాలు పోశారా, ముందు టీ పోశారా అన్నది రుచి చూసి చెప్పగలనంది. అయితే పరీక్షిద్దాం అన్న మాట వచ్చింది, అక్కడ రోనాల్డ్ ఫిషర్ కూడా పనిచేస్తున్నాడు. 1935లో రాసిన పుస్తకంలో ఆయన ఆ పరీక్షను వివరించాడు. ఎనిమిది కప్పులు, నాలుగింటిలో ముందు పాలు, నాలుగింటిలో ముందు టీ, ఏది ఎప్పుడు ఇస్తారో ఆమెకు తెలియదు. ఏమీ తెలియకుండా ఊరికే ఊహించి నాలుగు కప్పులు ఎంచితే, ఎంచడానికి 70 దారులున్నాయి, వాటిలో సరైనది ఒక్కటే. ఆమె అన్నీ సరిగ్గా చెబితే ఏమంటారు? ఇక్కడ ఆగి అడుగుతాను. “ఊకె చెప్తే 70లో ఒక్కసారి గిట్లైతది మేడం, అంటే ఆమెకు నిజంగనే తెలుసేమో” అంటారు పిల్లలు. ఆ “ఊకె చెప్తే” అన్నదే శూన్య పరికల్పన. ఆ 70లో ఒక్కటే పీ-విలువ. ఆమెకు తెలుసన్నది ఎంతవరకు నిజం అనే ప్రశ్నకు అది జవాబు కాదు, తెలియకపోతే ఇలా జరగడం ఎంత అరుదు అనే ప్రశ్నకు జవాబు. ఈ తేడా పట్టుకున్న పిల్లలు తర్వాత ఏ పరీక్షలోనూ తడబడరు.

చెవి చేయలేని పనులూ ఉన్నాయి. రెండు చలరాశుల చుక్కల చిత్రం, ప్రామాణిక సామాన్య వక్రం పట్టికలో విలువ వెతకడం, పెద్ద పట్టికను చదవడం, ఇవి కంటి పనులు. బ్రిటన్ ఓపెన్ యూనివర్సిటీ దీనికి ఎప్పుడో దారి చూపింది. గణితం కోర్సుల్లో క్యాసెట్‌తో పాటు గళ్లు గీసి నంబర్లు వేసిన కాగితం పంపేవారు. క్యాసెట్‌లోని గొంతు, ఇప్పుడు మూడో గడి చూడు, టేపు ఆపి నాలుగో గడిలో నువ్వు చేసి రా అనేది. మనమూ ప్రతి ఆడియోతో ఒక్క పేజీ ఫోటో పంపితే చాలు. బస్సులో విని, రాత్రి ఒక్క పేజీ చేసుకుంటారు.

కళ్లు లేని విద్యార్థుల సంగతి ఇక్కడే చెప్పాలి. మన దగ్గర వాళ్లను లెక్కలకు దూరంగా ఉంచడం అలవాటైపోయింది. న్యూజిలాండ్‌లోని మాసీ విశ్వవిద్యాలయంలో జొనాథన్ గాడ్‌ఫ్రే అనే సాంఖ్యక శాస్త్ర అధ్యాపకుడికి చూపు లేదు. గ్రాఫ్‌ను మాటల్లో వర్ణించే ‘బ్రెయిల్ ఆర్’ అనే ప్రోగ్రాం తయారుచేశాడు. స్తంభాలు ఎన్ని, ఏది ఎంత ఎత్తు అన్నది మాటల్లో వస్తుంది. గ్రాఫ్‌ను కళ్లు లేనివాళ్లకు చెప్పగలిగినంత స్పష్టంగా చెప్పడం వస్తే, కళ్లున్నవాళ్లకూ అది మొదటిసారి నిజంగా కనిపిస్తుంది. నేను క్లాసులో కళ్లు మూయించి గ్రాఫ్ చెప్పించేదాన్ని. చాలామంది అధ్యాపకులు దాన్ని ఆటగా చూశారు. అది ఆట కాదు.

ఖర్చు పెద్దదేమీ కాదు. పది నిమిషాల పాఠాన్ని మాట వినిపించే మేరకు కుదిస్తే రెండున్నర ఎంబీలో సరిపోతుంది. తిర్యాణి, కెరమెరి, సిర్పూర్-యు వైపు సిగ్నల్ ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో తెలియని ఊళ్లకు వీడియో దిగదు, ఇది దిగుతుంది. ఒకసారి దిగితే ఫోన్ నుంచి ఫోన్‌కు పోతుంది.

కాబట్టి అడగవలసినవాళ్లను అడుగుతున్నాను. ఆదిలాబాద్ ఆకాశవాణి వారానికి ఒక పావుగంట ఇవ్వాలి, ఒక వారం తెలుగు, ఒక వారం గోండి. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం గణాంకాల పాఠ్యాంశాన్ని చెవి కోసం కొత్తగా రాయించాలి. ఉన్న పుస్తకాన్ని చదివి వినిపిస్తే కుదరదు. శాతవాహన విశ్వవిద్యాలయం తన పరిధిలోని కాలేజీల అధ్యాపకులతో పాఠాలు సరిచూసే చిన్న బృందాన్ని పెట్టాలి, ఎందుకంటే తప్పు పాఠం ఉండటంకన్నా అసలు పాఠం లేకపోవడమే మేలు. ప్రభుత్వ విద్యా చానెల్ టీ-శాట్ తన వీడియో పాఠాల్లో చెవికి సరిపోయేవి విడదీసి ఆడియోగా ఇవ్వాలి. ఇవన్నీ ఎవరైనా పంచుకునేలా ఉచితంగా ఉండాలి.

రాసిచ్చిన పాఠాలు, రికార్డు చేసినవి నా దగ్గర ఉన్నాయి. అడిగిన సంస్థకు అలాగే ఇచ్చేస్తాను. కరీంనగర్, జగిత్యాల, నిర్మల్, ఆదిలాబాద్, ఆసిఫాబాద్‌లలో ఈ సబ్జెక్టు చెబుతున్న అధ్యాపకులు తలా ఒక్క పాఠం చెవి కోసం రాస్తే చాలు, ఒక కోర్సుకు సరిపోతుంది. గోండి వచ్చిన టీచర్లు, ఆశా కార్యకర్తలు సికిల్ సెల్ పాఠంతో మొదలుపెట్టండి. అది ఆగే పని కాదు.